రత్నం అండమాన్ వెళ్లొచ్చిన సంగతి

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా తెలుగు బస్తీలో సముద్రం దాటి వెళ్లొచ్చిన ఆడమనిషి ఎవరని అడిగితే ఎవరైనా రత్నం పేరే చెబుతారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకి కొళాయి దగ్గర ఆమెను చూపించి, "అదిగో, అండమాన్ రత్నం. ఓడెక్కొచ్చినాది" అని గొప్పగా చెప్పుకుంటారు. రత్నం ఆ మాట వినపడనట్టే బిందె చంకన పెట్టుకుని చరచరా వెళ్లిపోతుంది. చిన్నప్పటినుంచీ నలుగురిలో నోరు విప్పని మనిషి కాబట్టి సిగ్గు అనుకుంటారు.

రత్నం సముద్రం మొహం చూసి ఎరగదు. ఓడను క్యాలెండరు బొమ్మలో తప్ప చూడలేదు. ఆ పందొమ్మిది రోజులూ ఆమె ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో, బిర్సానగర్‌లో, సగం కట్టి వదిలేసిన ఒక ఇంట్లో తలుపులు బిగించుకుని కూర్చుంది.

ఇది ఎనభై మూడో సంవత్సరం వేసవిలో మాట. రత్నం భర్త భీమారావు ఆదిత్యపూర్‌లో ఇనప తీగలు లాగే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడ పనివాళ్లకి నాలుగేళ్లకోసారి సెలవిచ్చి, పెళ్లాంపిల్లల్తో దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావడానికి దారిఖర్చు ఇచ్చేవారు. ఎంత దూరం పోతే అంత ఖర్చు. అందుకని అందరూ కాగితం మీద చాలా దూరం పోయేవాళ్లు. కాశ్మీరు మంచులో ఉండవలసిన మనిషి సోనారిలో బావమరిది అరుగు మీద పేకాడుతూ కనబడేవాడు. టిక్కెట్ల కాగితాలు పుట్టించే ఏజెంటు ఒకడు సాక్చీ బజారులో ఉండేవాడు. ఇది తప్పని ఎవరికీ తోచేది కాదు. అయితే ఆ ముందటేడు కన్యాకుమారి 'వెళ్లిన' వెల్డరొకడు తన గుమ్మంలోనే లుంగీ కట్టుకుని పళ్లు తోముకుంటూ ఆఫీసు మనిషి కంటబడ్డాడు. ఉద్యోగం పోయింది. పైగా పోలీసు కేసు.

అందుకే భీమారావు, "మనది పక్కాగా ఉండాల" అన్నాడు. అందరికన్న దూరం ఎంచుకున్నాడు. అండమాన్ అన్నాడు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసే బలరామ్‌కి బిర్సానగర్‌లో కప్పు పడి, గోడలకి సున్నం పడని ఇల్లొకటి ఉంది. సెలవు రోజులన్నీ అక్కడ దాక్కోవాలి. ఎవరికీ చెప్పకూడదు. రత్నం తల్లికి అసలే చెప్పకూడదు.

కాని ఫ్యాక్టరీలో సెలవు మంజూరైన వాళ్ల పేర్లు నోటీసు బోర్డుకి అంటిస్తారు. అది చూసినవాడెవడో టాటానగర్ స్టేషనులో తవిటయ్య చెవిన వేశాడు. తవిటయ్య రత్నానికి మేనమామ, రైల్వేలో ఖలాసీ. తండ్రి లేని ఆ ఇంటికి పెద్ద దిక్కు. ఆయనకి తెలిసిందంటే సగం జంషెడ్‌పూర్‌కి తెలిసినట్టే.

మర్నాటి పొద్దున్నే ఆయన రత్నం తల్లి సన్యాసమ్మ ఇంట్లో పీటేసుకుని కూర్చుని కూతురినీ అల్లుణ్నీ పిలిపించాడు.

"ఏటి అల్లుడూ! మాకొక్క ముక్క సెప్పకుండా ఓడెక్కేద్దామనే? అండమానంటే మాటలా! అక్కడ మనోడు ఒకడున్నాడన్న సంగతి మర్సిపోనావేటి?"

మనోడంటే సూర్యం. రత్నం అన్న.

సూర్యం పన్నెండేళ్ల క్రితం, పెళ్లైన ఆరు నెలలకి, ఇక్కడ కంట్రాక్టు పని పోతే సొంతవూరు టెక్కలి వైపు వెళ్లాడు. అక్కడో మేస్త్రీ పాతికమందిని పోగేసి విశాఖపట్నంలో ఓడెక్కించి అండమాన్ తీసుకుపోయాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. "ఇక్కడ అడవి కొట్టే పని. ఎటు చూసినా సముద్రమే. మూడు నెలల్లో వస్తాను" అని. అంతే. తరవాత రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. సంపాదించే కొడుకు లేకపోయేసరికి సన్యాసమ్మ నాలుగిళ్లలో పనికి కుదిరింది. కోడలు పద్మకుమారి కుట్టుమిషను పట్టింది. ఇంట్లో పొయ్యి చూసుకోవడానికి ఎనిమిదో తరగతి చదివే రత్నాన్ని బడి మానిపించారు. అన్న మూడు నెలల్లో వస్తాడు, మళ్లీ బడికి పోతానని పుస్తకాలు గుడ్డలో కట్టి దూలం మీద పెట్టుకుంది. చెదలు తినేశాయి.

పన్నెండేళ్లు కబురు లేని మనిషిని పోయినట్టే లెక్కగట్టి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయడం పెద్దల నాటి ఆచారం. ఆ గడువు ఆ జ్యేష్ఠంతో నిండుతుంది. సన్యాసమ్మకి కొడుకు కలలోకి వచ్చి దాహం అడుగుతున్నాడు. పోయినవాడికి నీళ్లైనా వదలని తల్లినైపోయానని ఆమె ఏడుపు. పద్మకుమారి మాత్రం ఆ మాట ఎత్తితే అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేది. ఇరవై తొమ్మిదేళ్లు. రూపాయి కాసంత కుంకంబొట్టు, చేతినిండా మట్టిగాజులు. ఎప్పుడూ ఒకటి తక్కువ కానిచ్చేది కాదు.

"దేవుడే మిమ్మల్ని పంపుతున్నాడు" అన్నాడు తవిటయ్య. "ఎల్లండి. వెతకండి. ఉన్నాడా, సెవి పట్టుకు తీసుకురండి. లేడా, వచ్చి సెప్పండి. కర్మ సేసేద్దాం. ఆడికీ దారి, మనకీ దారి."

రత్నం భర్త కాళ్ల వైపు చూసింది. అబద్ధం ఆడబోయేముందు అతని కాలి బొటనవేలు నేలని గీరుతుంది. ఆ వేలు గీరింది.

"అలాగే మావయ్యా" అన్నాడు భీమారావు. "అదేం మాట. బరాబర్ వెతుకుతాం."

బయల్దేరే రోజు పద్మకుమారి ఆవకాయ జాడీ ఒకటి, సూర్యం పెళ్లినాటి ఫోటో ఒకటి తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"ఆవకాయంటే పడి సత్తాడు. ఇయ్యి" అంది. ఆ తరవాత గొంతు తగ్గించి, "రత్నం, ఆడు కనబడితే తిట్టకు. ఇంకొకర్తిని సేసుకుని పిల్లల్ని కన్నా తిట్టకు. బతికున్నాడని వచ్చి నాతో సెప్పు, సాలు. లేడంటే మాత్రం నీ కళ్లతో సూసిందే సెప్పాల. ఎవులో అన్నారు, ఎక్కడో ఇన్నాను, అలాటివి నాకొద్దు" అంది.

"అలాగే వదినా" అంది రత్నం. జాడీ ఆమె చేతుల్లో వేడిగా ఉన్నట్టనిపించింది.

బస్తీ అంతా సాగనంపింది. టెంపో స్టేషను దాకా పోయింది. అక్కడ రెండు గంటలు కూర్చుని, ఇంకో టెంపో ఎక్కి బిర్సానగర్ చేరారు.

ఒక గది. కిటికీలకి తలుపుల్లేవు, గోనెలు కట్టి ఉన్నాయి. కరెంటు లేదు. వెనక ఎత్తుగోడల మధ్య చిన్న పెరడు. మే నెల. పగలు గోడ మీద చెయ్యి వేస్తే అంటుకునేది. బలరామ్ చీకటిపడ్డాక సైకిలు మీద వచ్చి బియ్యం, బంగాళాదుంపలు గోడ మీదనుంచి అందించేవాడు.

ఏజెంటు టిక్కెట్ల కాగితాలతో పాటు రంగురంగుల కరపత్రం ఒకటి ఇచ్చాడు. హిందీలో ఉంది. బంగారు దీవిలో ఒక రోజు ఎలా గడపవచ్చో గంటగంటకీ రాసి ఉంది. ఉదయం ఆరింటికి ఒడ్డున నడక. ఎనిమిదింటికి గాజు అడుగు పడవలో పగడాల దిబ్బలు చూడటం. పదకొండింటికి సముద్రస్నానం. మధ్యాహ్నం కొబ్బరిచెట్ల కింద విశ్రాంతి. మూడింటికి పాత జైలు. అయిదున్నరకి కొండ మీదనుంచి సూర్యాస్తమయం. సెలవు నుంచి వచ్చాక ఆఫీసు గుమాస్తా ప్రశ్నలు వేస్తాడట, ఒక్కోసారి ఇంటికొచ్చి ఆడవాళ్లనీ అడుగుతాడట. అందుకని భీమారావు రోజూ పెళ్లాంచేత ఆ పాఠం అప్పజెప్పించుకునేవాడు.

"ఎనిమిదింటికి?"

"పడవ."

"ఏం పడవ?"

"గాజు అడుగు పడవ. కింద పగడాలు కనబడతాయి."

"రంగేటి?"

"ఎర్రగా... తెల్లగా..."

"గట్టిగా సెప్పు. సూసినదానిలా సెప్పు. కాంపౌండరుకి జబ్బు సెప్పినట్టు గొణుగుతావేటి!"

పదినుంచి పన్నెండు దాకా పెరట్లో ఎండలో కూర్చోమనేవాడు. సముద్రపు టెండ తగిలిన మనిషి నల్లబడకపోతే అనుమానం వస్తుందట. తను కూడా బనీను విప్పి కూర్చునేవాడు. మొగుడూ పెళ్లాం ఎదురెదురు గోడలకి చేరబడి, కళ్లు మూసుకుని, మాటామంతీ లేకుండా మాడేవాళ్లు. నాలుగో రోజుకి రత్నం ముక్కు మీద తోలు ఊడింది. అది చూసి భీమారావు, "వాహ్! ఇప్పుడు నమ్ముతారు" అని సంబరపడ్డాడు.

అయిదో రోజుకి బంగాళాదుంపలు వెగటు పుట్టి అతను ఆవకాయ జాడీ విప్పాడు.

"అది అన్నియ్యకి" అంది రత్నం.

"మీ అన్నియ్యకి ఇప్పుడు పోస్టు సెయ్యమంటావా?" అని అన్నంలో కలుపుకున్నాడు. వాసన గదంతా కమ్మింది. రత్నం మజ్జిగ లేని ఉప్పునీళ్ల గంజి తాగి అటు తిరిగి పడుకుంది. మూడు రోజులు ముట్టలేదు. నాలుగో రోజున ఒక ముక్క తీసుకుంది. ఆ తరవాత రోజూ తిన్నది. జాడీ అడుగు కనబడ్డ రోజున మాత్రం కూర్చుని ఏడ్చింది. భీమారావు ఎండదెబ్బ అనుకుని తడిగుడ్డ వేశాడు.

మాట దాచుకునే మనిషికి ఆలోచన ఎక్కువ. పడుకున్నా లేచినా రత్నానికి ఒకటే గుబులు. అడుగుతారే, ఏమని చెప్పాలి? చివరికి పదమూడో రోజున ఎండలో కూర్చున్నప్పుడు నోరు విప్పింది.

"ఇనండి. అక్కడ వెతకడానికి వల్ల కాలేదని సెబుదాం. జరమొచ్చి పడుకున్నామని సెబుదాం. లేడు అని మాత్రం అనొద్దు. ఆ ఒక్క మాటతో వదిన బొట్టు పోతాది."

భీమారావు ఒక కన్ను తెరిచి చూశాడు. "సరే, అలాగే అందాం. జరం బాగానే ఉంది. ఎవులికీ నష్టం లేదు."

"ఒట్టెయ్యండి."

"నీ మీదొట్టు" అని చెయ్యి చాచి ఆమె నెత్తి మీద పెట్టాడు. నెత్తి కాలిపోతోంది. వెంటనే చెయ్యి తీసేశాడు.

పందొమ్మిదో రోజు, తవిటయ్యకి డ్యూటీ లేని పూట చూసుకుని స్టేషనుకి పోయి, హౌరా బండి వచ్చిన వేళకి టెంపో మాట్లాడుకుని ఇంటికొచ్చారు. సాక్చీలో కొన్న గవ్వల దండలు, ఒక శంఖం పెట్టెలో ఉన్నాయి. పెట్టె దింపేలోపే బస్తీ బస్తీ అంతా సన్యాసమ్మ వాకిట్లోకి వచ్చేసింది. తవిటయ్య పీటేసుకున్నాడు. పద్మకుమారి మిషను ఆపి, కుట్టుతున్న జాకెట్టు చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సెప్పు అల్లుడూ."

"అది కాదు మావయ్యా... దిగిన మర్నాడే ఇద్దరికీ జరం. ఎక్కడికీ తిరగలేకపోనాం."

తవిటయ్య వాకిట్లో వాళ్ల వైపు తిరిగి నవ్వాడు.

"ఇన్నారా! జరమట! మొకాలు సూడండి, మాంచి నిగనిగలాడిపోతన్నాయి. షికార్లకి జరం లేదు, గవ్వలు ఏరుకోడానికి జరం లేదు. బావమరిదిని వెతకడానికొచ్చేసరికి జరమొచ్చినాది! పెళ్లికి నీ కాళ్లు కడగాల్సినోడురా ఆడు. ఇంటల్లుణ్ని సూసుకుని మురిసిపోనాం. థూ!"

ఎవరో కిసుక్కుమన్నారు. భీమారావు చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో మాట పడటం అతని వల్ల కాదు. రత్నం అతని కాలివేలి వైపు చూసింది.

"నానేదో మీరు బాధపడతారని జరమన్నాను" అన్నాడు. "వెతక్కపోడమేటి? తెలుగోళ్లున్న పేటలన్నీ తిరిగినాం. ఒక ముసలాయన, సోంపేట వైపోడు, సూర్యం పేరు సెప్పగానే ఏడిసినాడు. ఈ ద్వీపం నుంచి ఆ ద్వీపానికి దుంగలేసుకు ఎల్తంటే పడవ తిరగబడిందంట. డెబ్బై రెండులో. ఆరుగురు పోనారంట."

సన్యాసమ్మ ఒక్క కేక పెట్టి నేల మీద పడిపోయింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఆ గోలలో పద్మకుమారి గుమ్మం దిగి వచ్చి సరాసరి రత్నం ముందు నిలబడింది.

"నిజమేనా?"

భీమారావు రత్నం వైపే చూస్తున్నాడు. అతని చూపులో బెదిరింపు లేదు. బతిమాలుతున్నాడు. వెల్డరు మాట, పోలీసు మాట, ఇంటి అద్దె మాట అన్నీ ఆ చూపులో ఉన్నాయి. రత్నం తల వంచుకుంది. వంచిన తలని అందరూ అవునన్నట్టే తీసుకున్నారు.

పంతులు పదో రోజుకి ముహూర్తం పెట్టాడు.

ఆ పదిరోజుల్లో ఎనిమిది రోజులు రత్నం పుట్టింటి వైపు పోలేదు. పదో రోజు రేపనగా, మధ్యాహ్నం వేళ, తల్లి పనికి పోయిన సమయం చూసి వెళ్లింది. పద్మకుమారి మిషను ముందు కూర్చుని ఉంది గాని కుట్టడం లేదు.

"ఆ ముసలాయన పేరేటి?" అంది తలెత్తకుండానే.

రత్నం గుమ్మంలోనే నిలబడింది.

"ఎలాగుంటాడు? పొట్టా, పొడుగా? నువ్వు సూసినావు కదా. ఏడిసినాడన్నారు కదా. ఏ సేతితో కళ్లు తుడుసుకున్నాడు?"

"వదినా, నాను ఎల్లలేదు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ ఎల్లలేదు. బిర్సానగర్‌లో ఉన్నాం. ఆవకాయ మేమే తినీసినాం."

ఎందుకో ఆవకాయ సంగతి చెప్పాకే రత్నానికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే కాగితాల సంగతీ, ఏజెంటు సంగతీ, ఎండలో కూర్చున్న సంగతీ అంతా చెప్పింది. పద్మకుమారి కదలకుండా విన్నది. విని, ఊపిరి వదిలింది.

"అయితే ఆడు పోలేదు."

"ఏమో వదినా, నాకు తెలీదు."

"అదే నాను అంటన్నాను. తెలీదు. పన్నెండేళ్లనుంచీ తెలీదు. ఆ తెలీనిదాంతోనే నాను బతికినాను." లేచి వచ్చి రత్నం భుజాలు పట్టుకుంది. "ఇప్పుడే పద. మావయ్యకి సెప్పు."

"ఆయన ఉద్యోగం పోతాది. జైల్లో ఏత్తారు."

"ఉద్యోగం పోతే ఇంకోటి వత్తాది. జైల్లో ఏత్తే ఆర్నెల్లకో యేడాదికో వదుల్తారు. నాకు పోయేది ఎవులు తెచ్చిత్తారే?"

రత్నం నేల చూపులు చూసింది.

"సూడు, నానూ సెప్పగల్ను. కాని నువ్వు సెప్తే నీకు మంచిది. రేపు ఏటికాడ సేతులు సాపమంటారు. అప్పటిదాకా సూత్తాను" అంది పద్మకుమారి, భుజాలు వదిలేస్తూ.

ఆ సాయంత్రం రత్నం భర్తకి ఈ సంగతి చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్లింది. అతను గుమాస్తా అడిగే ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటున్నాడు. అన్నం పెట్టి వచ్చేసింది.

మర్నాడు భుయ్యాఁడీ పేటకి దిగువన సువర్ణరేఖ ఒడ్డున దర్భబొమ్మకి తెల్లగుడ్డ చుట్టి పడుకోబెట్టారు. మోరెడు పొడుగు. సన్యాసమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకోబోతే ఇద్దరు పట్టుకున్నారు. తలకొరివి పెట్టడానికి తవిటయ్య గుండు చేయించుకుని తడిబట్టల్తో నిలబడ్డాడు. ముందు ఆడమనిషి పని కానిమ్మన్నాడు పంతులు. వరసైన ముసలి విధవలు నలుగురు పద్మకుమారిని రాతి మీద కూర్చోబెట్టి చేతులు చాపమన్నారు.

పద్మకుమారి చేతులు వెనక్కి పెట్టుకుంది. రత్నం కళ్లలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. రత్నం చూపు తిప్పుకుని నీళ్లవైపు చూసింది.

"మావయ్యా" అని గట్టిగా పిలిచింది పద్మకుమారి. "ఈల్లు అండమాన్ ఎల్లలేదు. బిర్సానగర్‌లో దాక్కున్నారు. ముసలాయనా లేడు, పడవా లేదు. అడగండి."

తవిటయ్య నోరు తెరిచాడు. భీమారావు మాత్రం తొట్రుపడలేదు. జాలిగా తలాడించాడు.

"పాపం, మతి సలించినాది. ఏ ఆడదానికైనా అంతే కదా" అని పెళ్లాం వైపు తిరిగాడు. "రత్నం, నువ్వే సెప్పు."

"సెప్పమ్మీ" అన్నాడు తవిటయ్య. "నీది సిన్నప్పట్నుంచీ అబద్ధమెరగని నోరు. ఎల్లినారా, లేదా?"

రత్నం నోరు విప్పింది. నిజం చెబుదామనే విప్పింది. నిజం చెప్పడానికే విప్పానని ఆమె ఇప్పటికీ తనకి తాను చెప్పుకుంటుంది. కాని నిజానికి మాటలు వెతుక్కోవాలి. రెండోదానికి వెతుక్కునే పని లేదు, పందొమ్మిది రోజులు వల్లించి ఉంది.

"ఎల్లినాం" అంది. "పొద్దున్న ఆరింటికి ఒడ్డున నడిసేవోళ్లం. ఎనిమిదింటికి పడవ. పడవకి అడుగున గాజు. కింద పగడాలు ఎర్రగా, తెల్లగా, పువ్వుల్లాగుంటాయి. పదకొండింటికి తానం. మద్దేన్నం కొబ్బరిసెట్లకింద పడుకునేవోళ్లం. మూడింటికి జైలు సూసినాం. అయిదున్నరకి కొండెక్కితే పొద్దు నీళ్లలోకి దిగిపోడం అవుపడతాది."

అందరూ వింటున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇంతమంది ఎదట ఆమె ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఎవరూ అడ్డు రాలేదు. ముసలమ్మలు చేతుల్లో పని మరిచిపోయి చూస్తున్నారు. ఆపవలసిన చోట ఆపలేకపోయింది.

"ముసలాయనకి ఎడంకన్ను మీద పొర. ఎడం సేత్తో తుడుసుకునేవోడు. అన్నియ్య సుట్ట అలవాటు సేసుకున్నాడని సెప్పినాడు. పడవెక్కే రోజున, ఇంటికి పోయి ఆవకాయన్నం తింతానన్నాడంట."

సన్యాసమ్మ గొల్లుమంది. తవిటయ్య తడిపంచెతో కళ్లొత్తుకున్నాడు. భీమారావు కూడా ఆశ్చర్యంగా చూశాడు. చివరి ముక్కలు అతను నేర్పినవి కావు.

పద్మకుమారి వెనక్కి పెట్టుకున్న చేతులు తనే ముందుకి చాపింది. రాతి మీద గాజులు చిట్లాయి. ఒక ముక్క మణికట్టులో దిగి నెత్తురు వచ్చింది. ఆ చేత్తోనే బొట్టు చెరిపేశారు. దర్భబొమ్మ ఎండుగడ్డిలా భగ్గున అంటుకుని, రెండు నిమిషాల్లో అయిపోయింది.

పన్నెండు రోజుల మైల తీరిన మర్నాడు పద్మకుమారి తలంటుకుని, సాక్చీ బజారుకి పోయి డజను ఎర్రగాజులు తనే తొడుక్కుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని తిరిగి వచ్చింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి చూశారు.

"ఓలమ్మా, సిగ్గు లేదేటి! కాష్ఠం సల్లారకుండానే సింగారమా?"

"ఎవుణ్ని సూసుకున్నాదో!"

"ఏటే రత్నం, నువ్వేనా సెప్పవే మీ వదినకి. నువ్వు కళ్లారా సూసొచ్చినదానివి కదా."

రత్నం బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

కోడలి చేతి నీళ్లు తాగనని సన్యాసమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది. "నా కొడుక్కి మళ్లీ దాహం పెట్టినావు. పో" అంది. పద్మకుమారి సోనారిలో విమానాలు దిగే మైదానం పక్కన ఒక గది చూసుకుంది. ఆదివారంనాడు రిక్షా తెచ్చుకుని సామాను తనే ఎక్కించుకుంటోంది. ఒక ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు, చాపలో చుట్టిన పక్కబట్టలు. మిషను ఒక్కటే మిగిలింది. బరువు. ఒక్క మనిషికి లేవదు. తవిటయ్య అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు, లేవలేదు.

రత్నం వాకిట్లోకి వచ్చి మిషనుకి రెండోవైపు చెయ్యి వేసింది.

"వదినా," అంది, "పట్టు."

పద్మకుమారి ఆ చేతిని చూసింది. ముక్కు మీద తోలు ఊడిన మచ్చ ఇంకా పోని ఆ మొహాన్ని చూసింది. "ఒగ్గీ" అంది, మెల్లగా, కోపం లేకుండా. రిక్షావాణ్ని హిందీలో పిలిచింది. అతనొచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. మిషను రిక్షాలోకి ఎక్కింది. సందు మలుపు దాకా పద్మకుమారి గాజులచెయ్యి మిషను మీదే ఉంది. వెనక్కి చూడలేదు.

"అమ్మీ, ఎండలో నిలబడినావేటి?" లోపల్నుంచి సన్యాసమ్మ కేకేసింది. "రా. అన్నం పెట్టినాను. సల్లారిపోతాది."

రత్నం చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, తల్లి పెట్టింది తిన్నది.